అరిజోనా వానాకాలంలో ఎండు వాగుల దగ్గర జాగ్రత్తగా ఉండటం ఎలా

మా అమ్మ అనంతపురం నుంచి మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు, ఉత్తర ఫీనిక్స్‌లో మేం అద్దెకున్న ఇంటి వెనక గోడ మీంచి ఒకసారి తొంగిచూసి, "ఇది వంక కదరా నాయనా, వంక గట్టున ఇల్లు తీసుకున్నావేం?" అంది. నేను నవ్వాను. అప్పటికి రెండేళ్లుగా అక్కడే ఉంటున్నా నా కంటికి అది ఇసుక దారే. పొద్దున జనం కుక్కల్ని తిప్పుతారు, సాయంత్రం పిల్లలు సైకిళ్లు తొక్కుతారు. ఆ ఏడాది ఆగస్టులో ఒక రాత్రి అదే దారిలో ఎవరిదో చెత్తడబ్బా పడవలా తేలిపోతుంటే టార్చిలైటు వేసి చూశాను. మా ఇంటి దగ్గర ఆ రాత్రి పడ్డది నాలుగు చినుకులే.

ఇలాంటి ఎండు వాగుని ఇక్కడ 'వాష్' అంటారు, పక్కనున్న న్యూ మెక్సికోలో 'అరోయో' అంటారు. మన వాగు, వంక అన్న మాటలు దానికి సరిగ్గా అతుకుతాయి. చాండ్లర్‌లోనో, నార్త్ ఫీనిక్స్‌లోనో, టూసాన్‌లోనో కొత్తగా దిగినవాళ్లు, వేసవిలో అమ్మానాన్నల్ని పిలిపించుకునేవాళ్లు, లాంగ్ వీకెండ్ దొరికితే సెడోనా, పేజ్, జయాన్ అంటూ బయలుదేరేవాళ్లు ఏం చేయాలో వరసగా చెబుతాను.

వాన తక్కువే, మరి వరదెక్కడిది?

వాతావరణ శాఖ, అంటే నేషనల్ వెదర్ సర్వీస్, లెక్కలో ఇక్కడి మాన్సూన్ జూన్ 15న మొదలై సెప్టెంబర్ 30న ముగుస్తుంది. 2008కి ముందు ఇలా తేదీలు ఉండేవి కావు. గాలిలో తేమ వరుసగా మూడు రోజులు ఒక స్థాయి దాటితే మాన్సూన్ వచ్చిందని లెక్కేసేవారు. జనం ముందే సర్దుకుంటారని తేదీలు పెట్టారు. పద్ధతి మన నైరుతిలాంటిదే. ఎండకి నేల కాగుతుంది, గాలి దిశ మారుతుంది, కాలిఫోర్నియా సింధుశాఖ, మెక్సికో సింధుశాఖల వైపు నుంచి తేమ ఎడారిలోకి వస్తుంది. అయితే మనకు తెలిసిన ముసురు ఇక్కడ ఉండదు. మధ్యాహ్నానికి కొండల మీద మబ్బు కడుతుంది, సాయంత్రం ఒక్కచోట కుమ్మరిస్తుంది, మూడు మైళ్ల అవతల చుక్క పడదు.

అనంతపురం కరువు జిల్లా అంటాం. అక్కడ ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన. ఫీనిక్స్‌లో 180 మాత్రమే. ఇంత తక్కువ వానకి వరదేంటని అనిపించడం సహజం. లెక్క వేసి చూడండి. ఒక చదరపు మైలు నేల మీద ఒక్క అంగుళం వాన పడితే ఆరున్నర కోట్ల లీటర్ల నీళ్లు. మన ఊళ్లలో తిరిగే 10,000 లీటర్ల ట్యాంకర్లయితే 6,500. ఆ నీళ్లు ఇంకడానికి ఇక్కడ నేల ఒప్పుకోదు. పైన రాయి, కింద చాలాచోట్ల కాలీచీ అనే సున్నపు గట్టి పొర, దాదాపు సిమెంటులాంటిది. వేగాన్ని ఆపడానికి గడ్డి లేదు. ఊళ్లోకి వస్తే కప్పులు, రోడ్లు, పార్కింగ్ లాట్లు. పది చదరపు మైళ్ల మీద అరగంటలో పడ్డదంతా ఒక్క ఇసుక పాయలోకి దిగుతుంది.

2014 సెప్టెంబర్ 8న ఫీనిక్స్ విమానాశ్రయం దగ్గర ఒక్కరోజులో 3.30 అంగుళాలు పడింది. 1895 నుంచి ఉన్న రికార్డుల్లో అదే అన్నిటికన్నా ఎక్కువ. ఐ-10 ఫ్రీవే చెరువైంది, కార్లు కిటికీల దాకా మునిగాయి. అంటే నడి ఊళ్లో ఉన్నా ఇది మీకు సంబంధించిన విషయమే.

మే నెలలో చేయాల్సిన పనులు

వాన మొదలయ్యాక చేయలేనివి కొన్ని ఉన్నాయి, వాటిని ముందే చేసేయండి.

మొదటిది మ్యాపు. 'ఫెమా ఫ్లడ్ మ్యాప్ సర్వీస్ సెంటర్' అని వెతికి మీ అడ్రసు కొట్టండి (ఫెమా అంటే విపత్తుల పని చూసే కేంద్ర సంస్థ). ఇల్లు ఏ జోన్‌లో ఉందో వస్తుంది. 'ఎ', 'ఎఇ' అని ఉంటే వరద జోన్, అంటే ఏ సంవత్సరంలోనైనా నూటికి ఒక వంతు అవకాశం. ఒక శాతమే కదా అని రియల్టర్లు తేలిగ్గా తీసేస్తారు. 30 ఏళ్ల హోమ్ లోన్ తీరేలోపు కనీసం ఒకసారి వరద రావడానికి అది 26 శాతం అవుతుంది. ఇల్లు కొనేవాళ్లు ఈ లెక్క వేసుకున్నాకే సంతకం పెట్టండి. 'ఎక్స్' జోన్ అని వచ్చినంత మాత్రాన నిశ్చింత అనుకోనక్కర్లేదు. చిన్న చిన్న వాగులు చాలా ఆ మ్యాపుకి ఎక్కవు.

అందుకే రెండోది, కాళ్లతో చూడటం. ఒక పొద్దున ఎండ ముదరకముందే ఇంటి చుట్టూ మైలు దూరం నడవండి. ఎడారిలో ఎక్కడా లేని పచ్చదనం ఒక గీతలా కనబడితే, మెస్కీట్, పాలో వెర్డే చెట్లు వరస కట్టి ఉంటే, అదే వాగు దారి. కొమ్మల్లో ఎండు పుల్లలు, ప్లాస్టిక్ సంచులు చిక్కుకుని ఉన్నాయా చూడండి. అవి గాలికి వచ్చినవి కావు. ఆ ఎత్తు దాకా ఒకసారి నీళ్లు వచ్చాయన్నమాట. చాండ్లర్, గిల్బర్ట్ వైపు నేల చదును, వాగులు తక్కువ. అక్కడ కాలనీ మధ్యలో గుంటలా దిగిన పచ్చిక పార్కులు ఉంటాయి. అవి వాన నీరు నిలవడానికే తవ్వినవి. మనవాళ్లు క్రికెట్ ఆడేది ఎక్కువగా అక్కడే. స్కాట్స్‌డేల్‌లో ఇండియన్ బెండ్ వాష్ అని 11 మైళ్ల పొడవున పార్కులు, గోల్ఫ్ కోర్సులు, సైకిల్ దారులు ఉన్నాయి. చూస్తే వాగని అనిపించదు. 1972 వరద తర్వాత కాంక్రీటు కాలువ కట్టకుండా వాగునే పార్కు చేశారు. మంచి ఆలోచనే, కానీ వాన వస్తే పార్కు మళ్లీ వాగవుతుంది.

అదే నడకలో మీరు రోజూ కారులో వెళ్లే దారిని కూడా చూసుకోండి. ఇక్కడ చాలా రోడ్లు వాగు మీదుగా వంతెన లేకుండా వాగులోకే దిగి ఎక్కుతాయి. మన చప్టాల్లాంటివే. పక్కన పసుపు బోర్డు ఉంటుంది, 'వరదొస్తే దిగొద్దు' అని. కొన్నిచోట్ల అడుగుల గుర్తులతో కొలబద్ద కూడా ఉంటుంది. ఆఫీసుకి, పిల్లల బడికి, డేకేర్‌కి వెళ్లే దారిలో ఇలాంటి 'డిప్'లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక్క డిప్ కూడా లేని ఇంకో దారి, పది మైళ్లు ఎక్కువైనా సరే, ఇప్పుడే తేల్చుకోండి. జూలైలో రాత్రి ఎనిమిదింటికి, వెనక సీట్లో పిల్ల ఏడుస్తుండగా ఈ ఆలోచన సరిగ్గా సాగదు.

మూడోది ఇన్సూరెన్స్. మామూలు హోమ్ ఇన్సూరెన్స్ వరద నష్టం ఇవ్వదు, రెంటర్స్ పాలసీదీ అదే కథ. ప్రభుత్వ వరద బీమా విడిగా తీసుకోవాలి. తీసుకున్నాక సాధారణంగా 30 రోజులు ఆగితే గానీ అది అమల్లోకి రాదు. మబ్బు చూసి ఫోన్ చేస్తే లాభం లేదు. కారుకైతే వరద లాంటి నష్టాలకి ఇచ్చే 'కాంప్రహెన్సివ్' ఉందో లేదో చూసుకోండి, ఎదుటివాళ్ల నష్టానికిచ్చే లయబిలిటీ ఒక్కటే ఉంటే నీళ్లలో పోయిన కారుకి పైసా రాదు.

ఫోన్ మోగితేనే వరద అనుకోకండి

మూడు మాటలు తెలుసుకుంటే చాలు. 'ఫ్లడ్ వాచ్' అంటే వరద రావడానికి వాతావరణం అనుకూలంగా ఉంది, ఇంకా ఏమీ జరగలేదు. ఆ రోజు ట్రెక్కింగ్ మానేయండి, సాయంత్రం ఆఫీసు నుంచి కాస్త ముందు బయలుదేరండి. 'అడ్వైజరీ' అంటే లోతట్టు రోడ్ల మీద నీళ్లు వస్తాయి, ఇబ్బందే. 'ఫ్లాష్ ఫ్లడ్ వార్నింగ్' అంటే ఉన్నట్టుండి ముంచే వరద వచ్చేసింది, లేదా వస్తోంది. వాగు దగ్గరుంటే ఆ క్షణమే పైకి వెళ్లాలి. వీటిపైన 'ఫ్లాష్ ఫ్లడ్ ఎమర్జెన్సీ' అని ఒకటుంది, అరుదుగా ఇస్తారు, ప్రాణాపాయం ఖాయమన్నప్పుడు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ప్రతి వార్నింగ్‌కీ ఫోన్ ఆ భయంకరమైన చప్పుడు చేయదు. ఊరికే మోగుతోందని జనం అలర్ట్‌లు ఆపేసుకుంటుంటే, వాతావరణ శాఖ పద్ధతి మార్చింది. నష్టం తీవ్రంగా ఉంటుందనుకున్న వార్నింగ్‌లనే ఫోన్లన్నిటికీ పంపుతోంది. కాబట్టి ఫోన్ మూగగా ఉంది కదా, ఏమీ లేదనుకోవద్దు. సెట్టింగుల్లో ఎమర్జెన్సీ అలర్ట్‌లు ఆన్‌లో ఉంచండి, దాంతోపాటు ఒక రాడార్ యాప్ పెట్టుకోండి.

రాడార్‌లో అందరూ మొదట తామున్న చుక్కనే చూసుకుంటారు. మీరు మీ వాగు ఎగువ వైపు చూడండి. మీ ఇంటి వెనక వాగు ఏ కొండల నుంచి వస్తోందో మ్యాపులో ఒకసారి వేలు పెట్టి వెనక్కి వెళ్లి చూసుకుంటే, ఏ దిక్కున ఎర్రమచ్చ కనబడితే కంగారుపడాలో తెలుస్తుంది. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు మన పెద్దలు. వాన రాకడ ఇప్పుడు ఐదు నిమిషాలకోసారి తెరమీద తెలుస్తోంది, చూడకపోవడం మన తప్పే. మారికోపా కౌంటీ ఫ్లడ్ కంట్రోల్ డిస్ట్రిక్ట్ వాగుల్లో, కొండల్లో పెట్టిన కొలమానాల రీడింగులు కూడా వెబ్‌సైట్‌లో అందరికీ కనబడతాయి. నాకు ఆగస్టు రాత్రుల్లో క్రికెట్ స్కోరు చూసినట్టు అవి చూసే అలవాటు పట్టుకుంది.

ఉత్తరాన యూటా సరిహద్దు దగ్గరున్న పేజ్ వైపు వెళ్లేవాళ్లకి ఒక చిక్కు ఉంది. అరిజోనా గడియారం వేసవిలో మారదు. నవాహో ఆదివాసుల ప్రాంతమైన నవాహో నేషన్‌లో, యూటాలో మారుతుంది. పేజ్ ఊరు అరిజోనా టైమే పాటిస్తుంది, కానీ ఫోన్ యూటా టవర్ పట్టుకుంటే గంట ముందుకు దూకుతుంది. వార్నింగ్ 'మధ్యాహ్నం 3:15 దాకా' అంటే ఏ 3:15 అన్నది చూసుకోండి. వార్నింగ్‌లో టైమ్ పక్కన 'ఎంఎస్‌టీ' అని ఉంటే అరిజోనాది, 'ఎండీటీ' అని ఉంటే యూటాది.

కారులో ఉన్నప్పుడు

అమెరికాలో వరదల్లో మునిగి చనిపోయేవాళ్లలో సగానికి పైగా కారుతో నీళ్లలోకి దిగినవాళ్లే. ఈతరాని పిల్లలో, నది ఒడ్డున నిద్రపోయినవాళ్లో కాదు, ఇంటికి వెళ్తున్నవాళ్లు. కాబట్టి అసలు పాఠం ఇక్కడుంది.

లోతు లెక్కలు గుర్తుపెట్టుకోండి. వేగంగా పారే నీళ్లు 6 అంగుళాలుంటే, అంటే చీలమండ దాటితే, నిలబడ్డ మనిషిని పడేస్తాయి. 12 అంగుళాలు చిన్న కారుని తోసేస్తాయి. 18 నుంచి 24 అంగుళాలుంటే ఎస్‌యూవీలు, పికప్ ట్రక్కులు కూడా పోతాయి. మాది పెద్ద బండి, బరువుంది, ఏం కాదు అనే మాట నేను మనవాళ్ల పార్టీల్లో చాలాసార్లు విన్నాను. కారు మునిగే ప్రతి అడుగుకీ నీళ్లు దాదాపు 1,500 పౌండ్ల బరువుని పైకెత్తుతాయి. రెండడుగులకి 3,000 పౌండ్లు ఎత్తేశాక చక్రానికి పట్టు ఎక్కడిది? ఫోర్ వీల్ డ్రైవ్ అంటే నేల తాకుతున్న నాలుగు చక్రాలు తిరగడమే, తేలుతున్న చక్రాలు ఎన్ని తిరిగినా ఒకటే. పైగా నీటి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది.

ఇంకో సంగతి, మట్టి నీళ్ల కింద రోడ్డు ఉందో లేదో పైనుంచి తెలియదు. వరద ముందు కోసేది చప్టా అంచుల్నే. నిన్న పొద్దున వెళ్లిన రోడ్డే కదా అనుకుంటాం, ఇప్పుడక్కడ ఆరడుగుల గొయ్యి ఉండొచ్చు.

నేను చేసిన తప్పు చెబుతాను. వచ్చిన మొదటి ఏడాది, జూలైలో రాత్రి తొమ్మిది దాటింది. ఇల్లు అర మైలు. డిప్‌లో నీళ్లు, హెడ్‌లైటు వెలుగులో సన్నగా మెరుస్తున్నాయి, ముందున్న పికప్ దాటిపోయింది. నేనూ బ్రేకు మీంచి కాలు తీశాను. వెనక ఆగిన కారులోంచి ఒక పెద్దాయన దిగి వచ్చి నా అద్దం మీద గట్టిగా కొట్టాడు. "పది నిమిషాలు ఆగు, ఇక్కడే నిలబడి చూద్దాం" అన్నాడు. విసుగ్గానే ఆగాను. పది నిమిషాలు కూడా పట్టలేదు, నీళ్లు కొలబద్ద మీద రెండో అంకె దాటాయి. ఒక చెట్టు దుంగ, దాని వెంట ఫ్రిజ్ తలుపు. ముందు పికప్ ఎలా దాటిందంటే, అది దాటినప్పటి వాగు వేరు, నేను దాటబోయిన వాగు వేరు. ముందువాడు వెళ్లాడు కదా అన్నది కొలత కాదు.

కాబట్టి నియమం ఒకటే పెట్టుకోండి, ఇంట్లో ఉండగానే పెట్టుకోండి: రోడ్డు మీద పారే నీళ్లు కనబడితే లోతు ఎంతో ఆలోచించకుండా వెనక్కి తిప్పాలి. నీటి అంచున నిలబడ్డాక లోతు గురించి మొదలుపెట్టే చర్చలో ఆకలి, అలసట, పరువు అన్నీ ఓటేస్తాయి. 'టర్న్ అరౌండ్, డోంట్ డ్రౌన్' అన్న నినాదం ఇక్కడ బోర్డుల మీద చూస్తారు. ఆచరణలో దానర్థం: వెనక్కి వెళ్లి, ఎత్తు మీదున్న ఏ దుకాణం ముందో బండి ఆపి, ఇంటికి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పడం. ఈ వాగుల్లో చాలావాటికి ఎగువన వాన ఆగాక కొన్ని గంటల్లోనే నీళ్లు తగ్గిపోతాయి. ఒక ఐస్‌క్రీమ్ ఖర్చు.

అడ్డంగా బారికేడ్ పెట్టి ఉంటే అది దాటి వెళ్లడం చట్టరీత్యా కూడా ఖరీదైన పని. అరిజోనాలో 1995లో ఒక చట్టం చేశారు. బారికేడ్ తప్పించుకుని వరద రోడ్డులోకి దిగి ఇరుక్కుంటే, మిమ్మల్ని బయటికి తీయడానికైన ఖర్చు 2,000 డాలర్ల దాకా మీ నుంచే వసూలు చేయొచ్చు. జనం దాన్ని ముద్దుగా 'స్టుపిడ్ మోటరిస్ట్ లా' అంటారు. ఆ పేరు మీ ఇంటి పేరు పక్కన చేరకుండా చూసుకోండి. పోతే, నీళ్లకన్నా ముందు దుమ్ము తుఫాను వచ్చే రోజులుంటాయి. ముందు ఏమీ కనబడకపోతే రోడ్డు దిగి వీలైనంత పక్కకి వెళ్లి ఆపి, లైట్లన్నీ ఆర్పి, బ్రేకు మీంచి కాలు తీసేయమంటారు. వెనకొచ్చేవాళ్లు మీ ఎర్రలైటు చూసి అదే రోడ్డనుకుని గుద్దకుండా. ఆ తొందరలో పక్కనున్న వాగు పల్లంలోకి మాత్రం బండి దించకండి.

కారు నీళ్లలో ఆగిపోతే

నీళ్లు ఇంకా పారడం మొదలుకాకుండా చక్రాల దగ్గరే ఉంటే, ఇంజన్ మళ్లీ స్టార్ట్ చేసే ప్రయత్నాలతో టైమ్ పోగొట్టకండి. బండి వదిలేసి వచ్చిన వైపే ఎత్తుకి నడవండి. ల్యాప్‌టాప్ బ్యాగు కూడా వద్దు.

చుట్టూ వేగంగా పారుతుంటే వేరే పద్ధతి. కిందికి దిగితే మోకాళ్లలోతు నీళ్లు కూడా లాక్కుపోతాయి కాబట్టి కారులోనే ఉండి 911కి ఫోన్ చేయండి. మొదట చెప్పాల్సింది ఏ రోడ్డు, ఏ క్రాస్ రోడ్డు దగ్గర, ఏ దిక్కుకి వెళ్తున్నారు, ఎంతమంది ఉన్నారు. లైన్ తెగినా ఆ సమాచారం చేరి ఉండాలి. మారికోపా కౌంటీలో 911కి మెసేజ్ కూడా పంపొచ్చు. ఫోన్ చేస్తూనే అద్దాలు దించండి, కరెంటు పోతే తర్వాత దిగవు. సీటు బెల్టులు తీయండి, పిల్లల కార్ సీటు బకిల్స్ విప్పండి.

కారు లోపలికి నీళ్లు ఎక్కుతుంటే ఇక ఆగొద్దు, కిటికీలోంచి కప్పు మీదికి ఎక్కాలి. పెద్దవాళ్లు ఒకరు ముందెక్కి పిల్లల్ని అందుకుంటే సులువు. తలుపు జోలికి పోకండి, బయటి నీటి ఒత్తిడికి అది తెరుచుకోదు. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి ఒకటి కొని డ్రైవర్ చేతికందేలా పెట్టుకోండి, డిక్కీలో ఉంటే ఎందుకూ పనికిరాదు. కొత్త కార్లలో కొన్నిటి పక్క అద్దాలు ల్యామినేటెడ్, అంటే మధ్యలో ప్లాస్టిక్ పొర ఉన్నవి, ఆ సుత్తికి పగలవు. మీ అద్దం మూల మీద ఏం రాసుందో ఇవాళే చూసుకోండి.

నీళ్లలో పడిపోతే వెల్లకిలా తేలుతూ, కాళ్లు ప్రవాహం వెళ్లే వైపు ఉంచండి. రాళ్లు తలకి కాకుండా కాళ్లకి తగులుతాయి. చెట్టు కొమ్మలు, కంచెలు అడ్డొస్తే వాటి కిందికి చిక్కుకోకుండా పైకి ఎక్కే ప్రయత్నం చేయాలి. ప్రవాహానికి ఎదురీదొద్దు, గట్టు వైపు ఏటవాలుగా ఈదండి.

విహారానికి వెళ్లినప్పుడు

1997 ఆగస్టు 12న పేజ్ దగ్గర లోయర్ యాంటిలోప్ కాన్యన్‌లో 11 మంది పర్యాటకులు చనిపోయారు. వాళ్లున్నచోట చెప్పుకోదగ్గ వాన లేదు, ఎగువన మైళ్ల దూరంలో పడిన వాన ఆ సన్నటి రాతి సందులోకి ఒక్కసారిగా వచ్చింది. ఇప్పుడక్కడ బిగించిన మెట్లున్నాయి, గైడు లేకుండా లోపలికి పంపరు. గైడు ఈ రోజు టూర్ రద్దు అంటే ఆకాశం నీలంగా ఉందే అని వాదించకండి. డబ్బులు పోయాయన్న బాధ నాకూ అర్థమవుతుంది, నాలుగు గంటలు డ్రైవ్ చేసి వెళ్లి ఉంటారు. వాదించకండి.

2015 సెప్టెంబర్ 14న యూటాలో ఒకే రోజు రెండుచోట్ల: హిల్‌డేల్ ఊళ్లో ఆడవాళ్లు, పిల్లలు ఉన్న రెండు బండ్లు కొట్టుకుపోయి 13 మంది, జయాన్ పార్కులోని కీహోల్ కాన్యన్‌లో ఏడుగురు. జయాన్‌కి వాతావరణ శాఖ రోజూ వరద అవకాశం ఎంతో ఒక రేటింగ్ ఇస్తుంది. 'నాట్ ఎక్స్‌పెక్టెడ్' నుంచి 'ఎక్స్‌పెక్టెడ్' దాకా నాలుగు మెట్లు. అక్కడ నీళ్లలోనే నడుస్తూ వెళ్లే ఇరుకు లోయ, నారోస్‌లో నడవాలనుకునేవాళ్లు పొద్దున లేచి మొదట అది చూడాలి. 'ప్రాబబుల్' అని ఉంటే నేనైతే ఆ రోజు కొండ మీది దారి ఏదైనా పట్టుకుంటాను.

2017 జూలై 15న పేసన్ దగ్గర ఎలిసన్ క్రీక్‌లో స్నానాలకి దిగిన ఒకే కుటుంబంలో 10 మంది పోయారు. శనివారం మధ్యాహ్నం. అంతకు నెల ముందు ఎగువన హైలైన్ ఫైర్ అనే కార్చిచ్చు వేలాది ఎకరాలు తగలబెట్టింది. కాలిన అడవి నేల మీద నీళ్లు ఇంకవు, మైనం పూసినట్టు జారిపోతాయి. అందుకే వరద నల్లటి బూడిద, దుంగలతో వచ్చింది. కాలిన కొండల దిగువన ఒకట్రెండేళ్లు కాదు, ఇంకా ఎక్కువ కాలం ఇదే పరిస్థితి. ఫ్లాగ్‌స్టాఫ్‌లో 2019లో కాలిన కొండ నుంచి 2021లో వీధుల్లోకి వరద దిగింది. మీరు వెళ్లే చోటు పేరుతో పాటు 'బర్న్ స్కార్' (కార్చిచ్చుకి కాలిన నేల) అని వెతికి చూడండి.

మనవాళ్ల పిక్నిక్ ఎలా ఉంటుందో తెలుసుగా. ఆరు కుటుంబాలు, పదిన్నరకి బయలుదేరి ఒంటిగంటకి చేరతాం, బిర్యానీ డబ్బాలు నీటి పక్కన చదునైన ఇసుక మీద దించుతాం, మూడింటికి అంతాక్షరి. కొండల్లో మబ్బు పగిలే టైమ్ కూడా సరిగ్గా అదే. కార్యక్రమం తిరగేయండి. తెల్లవారకముందే బయలుదేరి, నీళ్ల దగ్గరి ఆటలు పొద్దున్నే కానిచ్చి, పన్నెండులోపు లోయ దాటి పైకి వచ్చి అక్కడ భోజనం చేయండి. ఎండ దెబ్బ కూడా తప్పుతుంది. కూర్చునే ముందు పైకెక్కే దారి ఎక్కడుందో చూసుకోండి. ముసలాయనా, మూడేళ్ల పాపా ఎక్కగలిగే దారి అయి ఉండాలి. అలాంటిది లేకపోతే అది కూర్చునే చోటు కాదు. రాత్రి టెంట్ ఎప్పుడూ వాగు ఇసుకలో వేయకండి, ఎంత మెత్తగా ఉన్నా.

వాగులో ఉన్నప్పుడు గమనించాల్సినవి: తేటగా ఉన్న నీళ్లు ఉన్నట్టుండి టీ రంగుకి మారడం, పుల్లలు, ఆకులు తేలి రావడం, ఎగువ నుంచి చల్లగాలి, తడి మట్టి వాసన, దూరంగా లారీ వస్తున్నట్టు మోత. వీటిలో ఏ ఒక్కటి తోచినా చెప్పులు, డబ్బాలు వదిలేసి పక్కకి, పైకి ఎక్కాలి. దిగువకి పరిగెత్తితే నీళ్లే గెలుస్తాయి. వరద ముందు భాగం చాలాసార్లు నీళ్లలా ఉండదు. చెత్త, బురద, కొమ్మలు కలిసి నెమ్మదిగా దొర్లుకొస్తున్న కుప్పలా ఉంటుంది. అది చూసి వీడియో తీద్దామని నిలబడతారు. దాని వెనకున్నదే అసలు నీరు.

ఇంటి దగ్గర

ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లు సాయంత్రం వాకింగ్‌కి వాగు పక్క దారుల్లో వెళ్తారు. ఆ దారులు పెద్ద రోడ్లని దాటేటప్పుడు కిందుగా సొరంగంలోంచి పోతాయి. అది వాగు నీళ్లు పోయే దారి కూడా. ఉరుము వినబడితే సొరంగంలోకి దిగొద్దని, పైన సిగ్నల్ దగ్గరే దాటమని చెప్పండి. వాళ్ల ఫోన్ ఇండియా సిమ్‌తో వైఫైలోనే నడుస్తుంటే బయట అలర్ట్ చేరుతుందని ఆశపెట్టుకోకండి. నిజానికి ఈ విషయంలో వాళ్లకి మనం చెప్పేది తక్కువే. 2024 సెప్టెంబర్‌లో మున్నేరు ఖమ్మాన్ని ముంచడం చూసినవాళ్లకి వాగంటే ఏమిటో తెలుసు, ఎడారిలో కూడా వాగులుంటాయని చెబితే చాలు.

పిల్లల సంగతి వేరు. వాన వెలిశాక కాలనీ గుంటలో నిలిచిన నీళ్లు వాళ్లకి స్విమ్మింగ్ పూల్‌లా కనబడతాయి. ఆ నీళ్లు బయటికి పోయే పెద్ద గొట్టం దగ్గర లాగుడు చాలా గట్టిగా ఉంటుంది. నీళ్లలో మురికి, నూనె, పాములు, తేళ్లు కూడా. ఒక్కసారి మీరే తీసుకెళ్లి గొట్టం మూతి చూపించి చెప్పండి. తలుపు దగ్గరికి నీళ్లు వచ్చే ఇల్లయితే ఇసుక సంచులు ముందే తెచ్చిపెట్టుకోండి. మాన్సూన్‌లో చాలా ఊళ్లు ఇసుక, సంచులు ఉచితంగా ఇస్తాయి, నింపుకోవడానికి పార మాత్రం మనదే.

నీళ్లు తగ్గాక

మొదటి ఉధృతి పోయిందని వెంటనే దిగకండి. ఎగువన ఇంకో పాయలో ఆలస్యంగా పడ్డ వాన రెండో విడతగా రావచ్చు. రోడ్డు సిబ్బంది బారికేడ్ తీసేదాకా ఆగండి. నీళ్లలో తడిసిన కారు బ్రేకులు ఖాళీ రోడ్డు మీద రెండుసార్లు తొక్కి చూడండి. ఇంజన్‌లోకి నీళ్లు పోయాయన్న అనుమానం ఉంటే స్టార్ట్ చేయకుండా టో చేయించండి. ఇన్సూరెన్స్‌కి ఫోటోలు తీశాకే శుభ్రం మొదలుపెట్టండి.

మర్నాడు పొద్దున వాగు దగ్గరికి ఒకసారి వెళ్లి, ఏ కొమ్మ మీద ఎంత ఎత్తున కొత్త చెత్త చిక్కుకుందో ఫోటో తీసి, పక్కన మనిషిని నిలబెట్టి ఇంకో ఫోటో తీసుకోండి. వచ్చే ఏడాది కొత్తగా అద్దెకొచ్చేవాళ్లకి చూపించడానికి పనికొస్తుంది. మా ఇంటి వెనక పాలో వెర్డేకి చిక్కుకున్న తెల్ల సంచి నా భుజం ఎత్తులో ఉంది. ఆ ఫోటో అమ్మకి పంపితే, "ఇల్లు మారినావా లేదా?" అని ఒక్కటే అడిగింది.